చూపుడువేలి కవచం

నా మనవరాలు వేళ్ళకు కవచాలు చేస్తుంది. ఈ మాట చెబితే మా వయసువాళ్ళు ముందు నమ్మరు, తర్వాత నవ్వుతారు. కోయంబత్తూరులో మేముండే ఇంట్లో భోజనాల బల్ల సగం ఆ పనికే పోయింది. మిగతా సగంలో నేనూ, నా కూతురూ, అల్లుడూ కంచాలు సర్దుకుని తింటాం. అన్నంలో వెండి రజను పడుతుందని కూతురు రోజూ గొడవ పెట్టేది. ఇప్పుడు మానేసింది.

ఉంగరం అంటే వేలి మొదట్లో ఉండేది. ఈ పిల్ల చేసేవి అలాంటివి కావు. వేలి మొదలు నుంచి గోరు దాకా ఒకదాని మీద ఒకటి ఎక్కిన వెండి రేకులు, కణుపు దగ్గర కీలు, చివర పక్షి ముక్కులా వంగిన మొన. వేలు ముడిస్తే రేకులు ఒకదాని కిందికి ఒకటి జారతాయి, చాపితే మళ్ళీ బయటికొస్తాయి. రొయ్య పెంకు చూసి నేర్చుకున్నానంటుంది తను. నా కంటికి మాత్రం పాతకాలపు సిపాయి ఇనప తొడుగులోంచి ఒక్క వేలు ఊడదీసినట్టు ఉంటుంది. వెండిని తెల్లగా వదలదు. గంధకం కలిసిన మందునీళ్ళలో ముంచి నల్లబరుస్తుంది, ఆపైన అంచులు మాత్రం రుద్ది మెరిపిస్తుంది.

కొనేవాళ్ళు ఎక్కువగా బెంగళూరు, చెన్నై పిల్లలు. నల్లబట్టలు, నల్ల గోళ్ళరంగు, చెవులు చిల్లులు పడే గిటారు పాటలు. ఆడా మగా తేడా లేదు. నేను ఒకనాడు ఉండబట్టలేక అడిగాను.

"యుద్ధానికి పోనోళ్ళకు కవచం ఏంటికి అమ్మిణీ?"

ఆకురాయి ఆపకుండానే జవాబిచ్చింది. "యుద్ధానికి పోయినోళ్ళ ఇంట్లో మాత్రం ఏముండాది తాతా? ఒగ కత్తి. అదీ గుళ్ళో పెట్టి తాళం ఏసినారు."

ఆ మాట నిజమే కాబట్టి నేను పేపరు చదువుకున్నాను.

ఒక ఆదివారం ఇద్దరు కొనుగోలుదార్లు వేలి కొలతలకు ఇంటికే వచ్చారు. ఒక అబ్బాయి, ఒక అమ్మాయి. రాక్షసుల్లా ఉంటారనుకుని ముందుగదిలో కూర్చున్నాను. నన్ను చూసి ఇద్దరూ చెప్పులు బయట విడిచి నమస్కారం పెట్టారు. అమ్మాయి ఏదో కంపెనీలో ఫోను ఎత్తే ఉద్యోగం చేస్తుందట. "వారమంతా ఊరందరి తిట్లకీ సారీ చెప్తాను సార్. శని, ఆదివారాలన్నా వేలిమీద ఇనుముండాల" అని తమిళంలో చెప్పి నవ్వింది. కొలతకని నమూనా తొడుగు వేసుకోగానే ఆ పిల్ల కూర్చున్న తీరు మారింది. చెయ్యి ఒళ్ళో వేలాడలేదు, కుర్చీ చేతిమీద నిలబడింది. వీపు కూడా దానివెంటే నిటారైంది. నేను ఏళ్ళతరబడి ఇంట్లో అందరికీ చెప్పి చెప్పి అలసిపోయిన సంగతి ఒక నల్ల రేకు ముక్క చేసిపెట్టింది. ఆ రోజునుంచి బల్ల గురించి నేను ఏమీ అనలేదు.

మా సంగతి కొంచెం చెప్పాలి. మాది మదురై వైపు వాడిపట్టి పక్కన ఒక చిన్న పాళెం, మా పూర్వీకులు దాన్ని ఏలిన పాళెగాళ్ళు. తెలుగుసీమ నుంచి కత్తి పట్టుకుని వచ్చినవాళ్ళమని ఇంట్లో చెప్పుకునేవాళ్ళు. కోట ఇప్పుడు మట్టిదిబ్బ, దానిమీద పంచాయతీ నీళ్ళ ట్యాంకు నిలబడి ఉంది. భూములు మా తాతగారి హయాంలో పోయాయి, ఇల్లు మా నాన్నగారి హయాంలో. నేను నూలుమిల్లు టైమాఫీసులో పనిచేసి రిటైరయ్యాను. అందుకు సిగ్గుపడలేదు. ఎవరింటికి వెళ్ళినా గోడకు ఆనుకుని కూర్చోనూ లేదు.

మాకు మిగిలింది ఒక్కటే. మాసి నెలలో, అంటే మాఘ ఫాల్గుణాల్లో, మా కులదేవత జాతరనాడు కత్తి పట్టే హక్కు. ఆ రోజు పొద్దున పూజారి అమ్మవారికి కట్టిన వస్త్రాన్ని మా తలకు చుడతాడు. దాన్ని పరివట్టం అంటారు. తర్వాత గర్భగుడిలోంచి కత్తి తెచ్చి కుడిచేతిలో పెడతాడు. దాన్ని నిలువుగా ఎత్తిపట్టి పొలిమేర రాయి దాకా నడిచి, రాయి చుట్టూ తిరిగి, గుడికి రావాలి. చెయ్యి మార్చకూడదు, భుజానికి ఆనించకూడదు. మొన భుజం కిందికి దిగిందో, హక్కు పంగాళివాళ్ళకు పోతుంది. పంగాళి అంటే మా వైపు దాయాది. ఒకప్పుడు వాళ్ళ చేతిలో మొన దిగితేనే అది మా ఇంటికి వచ్చింది.

నాకు కొడుకులు లేరు. నా తర్వాత కత్తి ఎలాగూ పంగాళి ఇంటికే చేరుతుంది. కాని నా తర్వాత పోవడం వేరు, ఊరంతా చూస్తుండగా నా చేతిలోంచి జారిపోవడం వేరు. నాకు కావలసింది మొదటిది.

ఇప్పటి పంగాళి నాకు తమ్ముడి వరస. తేని ఊళ్ళో ఏలకుల మండీ ఉంది, మనిషి సరదా మనిషి. ప్రతి జాతరకీ ముందు ఫోను చేస్తాడు. "అన్నా, ఈ ఏడన్నా తేలిక కత్తి ఒగటి చేపించుకోరాదా? సినిమావాళ్ళ దగ్గిర అట్టకత్తులు రొంబ బాగుంటాయంట."

"అట్టకత్తి నీ కాలానికి దాచిపెట్టినాం తమ్ముడూ" అంటాను. ఇద్దరం నవ్వుతాం. నవ్వులో ఎవరి లెక్క వాళ్ళకుంది.

కిందటి వానాకాలంలో బస్సు దిగుతుంటే తలుపు సందులో నా కుడి చూపుడువేలు పడింది. ఎముక విరగలేదు. నడిమి కణుపును పక్కలనుంచి బిగించి ఉంచే తంతువు తెగింది. వాపు తగ్గాక చూస్తే వేలు ముడుచుకుంటుంది, చాచుకుంటుంది, కాని పక్కనుంచి బరువు పడితే గాడి తప్పిన తలుపులా ఒరిగిపోతుంది. ఈ వయసులో కోత పెట్టడంకన్నా ఊరుకోవడం మేలన్నాడు డాక్టరు. కలం పట్టుకోవచ్చు, అన్నం కలుపుకోవచ్చు అన్నాడు.

"కత్తి పట్టుకోవచ్చునా?"

"కూరగాయలు తరిగేదానికా?" అని అడిగాడు.

నేను లేచి నమస్కారం పెట్టి వచ్చేశాను.

కత్తిని నిలువుగా పట్టేవాడి బరువంతా చూపుడువేలిమీదే ఉంటుంది. పిడిమీద ఒక అడ్డపట్టె ఉంటుంది. అది సరిగ్గా ఆ వేలి మీదే కూర్చుంటుంది. మిగతా వేళ్ళు పిడిని చుట్టుకుంటాయి, ఈ వేలు మోస్తుంది. నేను పొద్దున్నే మేడమీద గడ్డపార పట్టుకుని నడిచి చూశాను. మేడ చివరి నీళ్ళతొట్టి దాకా వెళ్ళేలోపలే కణుపు పక్కకు ఒరిగింది, గడ్డపార వాలింది. మళ్ళీ ఎత్తాను, మళ్ళీ వాలింది. వెనక బట్టలు ఆరవేసే తీగ దగ్గర మనవరాలు నిలబడి ఉంది.

"తాతా, వేలు చూపించు."

"ఏముంది చూసేదానికి?"

"సుమ్మా చూపించు తాతా. కొరికెయ్యను."

కణుపును రెండు వేళ్ళతో పట్టుకుని ఇటూ అటూ కదిపింది. డాక్టరుకన్నా ఎక్కువసేపే చూసింది. తర్వాత, "దీనికి నేనొగటి చేసిస్తా" అంది.

"ఆ నల్లగోరా? నేనా?"

"జాతరలో కత్తి జారిపోతే ఆ పంగాళి తాత మొగం చూడగలుగుతావా? నల్లగోరు మేలా, అది మేలా?"

ఇంట్లో నాతో ఇలా మాట్లాడేది ఆ పిల్ల ఒక్కతే. చెయ్యి చాపాను.

పని మొదలైంది. దారంతో కణుపు కణుపుకీ కొలత తీసుకుంది, వేలు చాచినప్పుడొకటి, ముడిచినప్పుడొకటి. మైనంతో అచ్చు చేసి తొడిగింది. అమ్ముడుపోయేవాటిలో కీలు కొంచెం వదులుగా ఉంచుతుందట, రోజంతా వేసుకున్నా వేలు నలగకుండా. నాకు చేసేదాంట్లో మాత్రం పక్కకు వెంట్రుకవాసి కూడా కదలకూడదు. మొదట చేసినది చర్మం కొరికింది. వేలు పైకి ఎక్కడ మడత పడుతుందో అక్కడే కీలు పెట్టడంవల్ల వచ్చిన తప్పు అది. ఎముక తిరిగేచోటు దానికి కాస్త వెనక. తను అది కనిపెట్టేలోపల నా వేలికి రెండుచోట్ల ఎర్రగా కందింది. రెండోది సరిపోయింది. వేలి వెనకా పక్కలా రేకులు, లోపలివైపు ఖాళీ, పిడికి చర్మమే తగలాలి కదా. రెండు పక్కలా రివెట్లు. అడ్డపట్టె కూర్చునే చోట రేకు మందంగా వేసింది.

రెండు విషయాల్లో వాదన వచ్చింది. చివరి గోరు తీసెయ్యమన్నాను. తీసేస్తే అది తన పనిలాగే ఉండదంది. పొట్టిది పెట్టేట్టు ఒప్పుకున్నాం. నల్లబరచొద్దు, వెండి వెండిలాగే ఉండనీ అన్నాను.

"తెల్లగా వదిలితే ఆస్పత్రిలో ఇచ్చినట్టుంటాది తాతా. నలుపే నీకు అందంగా ఉంటాది."

"అందం ఎవురడిగినారు?"

"నువ్వడగవు. అద్దం ముందర పంచె మడతలు అంతసేపు సర్దుకుంటావు కదా, అప్పుడు తెలుస్తాది."

దాంతో మేడమీద నడిచాను. గడ్డపార వాలలేదు.

జాతరకు మనవరాలు నాతో వచ్చింది. దారంతా బస్సులో ఆ తొడుగు నా వేలికే ఉంది. దాచి పెట్టుకునేదైతే అసలు పెట్టుకోను. గుడి దగ్గర పూజారికి చెయ్యి చాపి చూపించాను. "దీంతో పట్టుకుంటా. అభ్యంతరం ఏమన్నా ఉండాదా?"

ఆయన దాన్ని వంగి చూశాడు. "అయ్యో సామీ, అడ్డం చెప్పేదానికి నేనెవుర్ని?" అని చేతులు జోడించాడు. నేను దాన్ని అనుమతి అనుకున్నాను.

పరివట్టం కట్టాడు. కత్తి చేతిలో పెట్టాడు. బరువు చూపుడువేలిమీద కూర్చుంది, రేకు దాన్ని తీసుకుంది. ఉరుములు మోగాయి. ఉరుము అంటే మా జాతర డప్పు, ఒకవైపు పుల్లతో రుద్దితే గర్జిస్తుంది. నేను గుమ్మం దాటేసరికి మెట్లమీద పూలమ్మే ముసలామె నా చెయ్యి చూసింది. చేతిలో ఉన్న దండ అలాగే వదిలేసి లేచి నిలబడింది.

"పెద్దదొర చెయ్యి! సామీ, పెద్దదొర చెయ్యి తిరిగొచ్చినాదే!"

ఊళ్ళో ఒక కథ ఉంది. పెద్దదొర అని మా పూర్వీకుడొకాయన కుడిచేతికి ఇనపతొడుగు వేసుకుని యుద్ధం చేసేవాడట. తెల్లవాళ్ళు కోట పడగొట్టిననాడు దాన్ని విప్పి బావిలో వేశాడట. ఎప్పుడో ఒకనాడు అది తిరిగి వస్తుందట. మా ఇంట్లో ఆ కథ ఎవరూ చెప్పింది లేదు, కాదన్నదీ లేదు. నల్లటి వెండి, అరిగినట్టున్న అంచులు, పాతకాలపు రేకుల వరస. వాళ్ళకు ఇంకేం కావాలి? ఆ కేక వీధి చివరదాకా నాకన్నా ముందే నడిచింది. గుమ్మాల్లో ఆడవాళ్ళు పిల్లల్ని ఎత్తి చూపించారు. ఎప్పుడూ ఫోనులో మొహం పెట్టుకుని ఉండే కుర్రాళ్ళు కూడా చెప్పులు విడిచి నిలబడ్డారు. మా తాతగారి కాలంలో కూడా ఈ ఊరు మాకు ఇంత మరియాద చేసి ఉండదు. పొలిమేర రాయి చుట్టూ తిరిగాను. మొన వాలలేదు. తిరిగి గుడికి వచ్చాను.

అప్పుడు పూజారి పసుపు గుడ్డ పరిచిన పళ్ళెం తెచ్చాడు. "సామీ, చెయ్యి ఇందులో పెట్టండి. ఇంగ ఇది బయట ఉండకూడదు. కత్తితోపాటు పెట్టెలో ఉండాల. అమ్మ తెప్పించుకున్నాది."

ఊరి పెద్దలు సరే అన్నారు. పంగాళి తమ్ముడు కూడా చేతులు జోడించే ఉన్నాడు, మొహంలో సరదా లేదు. మనవరాలు నా పక్కకు వచ్చి మెల్లిగా, "ఉండనీ తాతా. నేను ఇంగొగటి చేసుకుంటా. వదిలెయ్" అంది.

వదిలెయ్యొచ్చు. ఎవరికీ నష్టం లేదు. కోట పోయిన ఇంటికి ఒక కథన్నా పూర్తిగా దక్కేది. కాని పక్కన నిలబడి ఉన్న పిల్ల చేసిన పని, ఎప్పుడో చచ్చిపోయిన మనిషి ఖాతాలో పడుతోంది. పైగా మా ఇంటినుంచి చాలా పోయాయి గాని, మాది కానిదాన్ని మాదని మేం ఎన్నడూ చెప్పుకోలేదు. ఆ ఒక్క అలవాటూ నా హయాంలో పోవడం నాకిష్టం లేదు.

"ఇది పెద్దదొరది కాదు" అన్నాను. "బావిలోంచి రాలేదు. వెండిది. కోయంబత్తూరులో మా భోజనాల బల్లమీద చేసినది. చేసింది ఈ పిల్ల, నా కూతురి కూతురు. నా వేలికి దెబ్బ తగిలింది, అందుకు చేసిపెట్టింది."

ఉరుములు ఆగిపోయాయి. పూలమ్మే ముసలామె, "అట్లనేల సామీ, నల్లగా ఉండాదే" అంది నమ్మకం చాలక.

"మందేసి నల్లగా చేసినాను అవ్వా" అంది మనవరాలు.

అందరికన్నా ముందు తేరుకున్నది పంగాళి. గొంతులో ఎకసెక్కం లేదు, సూటిగానే అడిగాడు. "అట్లంటే అన్నా, ఈ పొద్దు కత్తి పట్టింది ఎవురు? నీ చెయ్యా, ఆ యంత్రమా?"

"నా చేతికే అది ఉండింది."

"పెద్దదొరదైతే వంశం సొత్తు, ఎవురూ నోరెత్తరు. బల్లమీద చేసిన వేలితొడుగు అంటున్నావు కదా. రేపు నేను భుజానికి ఇనపకడ్డీ కట్టుకుని వస్తే ఒప్పుకుంటారా?"

న్యాయమైన ప్రశ్నే. పూజారి మెల్లిగా, తొడుగు లేకుండా ఒకసారి పట్టి చూపిస్తే చాలునన్నాడు. రాయి దాకా అక్కర్లేదు, గుడి చుట్టూ చాలట. ఆయన నాకు సాయం చేస్తున్నాననుకున్నాడు.

మనవరాలు నా చెయ్యి పట్టుకుంది. "ఒద్దు తాతా. ఒద్దని చెప్పు. ఏ రూలులో ఉండాదని అడుగు."

"తియ్యి" అన్నాను.

కీలు దగ్గర చిన్న మేకు నొక్కి తొడుగు ఊడదీసింది. పూజారి కత్తి మళ్ళీ చేతిలో పెట్టాడు. నడిచాను. గుడి ముందు గోడ దాటాను, పక్క గోడ సగం దాకా వెళ్ళాను. కణుపు ఒరిగింది. మిగతా వేళ్ళు ఎంత బిగించినా అడ్డపట్టె ఒకవైపుకి జారింది. మొన నెమ్మదిగా, అందరికీ కనిపించేంత నెమ్మదిగా, వాలింది. భుజం దాటింది. ఎవరూ అనకముందే నేనే నిలబడిపోయి కత్తి పూజారికి ఇచ్చాను.

"చాలు" అన్నాను. "కత్తి వాళ్ళది."

మొన దిగినవాడే కత్తిని కడిగి, ఎదుటివాడి చేతిలో పెట్టాలని వాడుక. పాలచెంబు తెచ్చారు. పిడినుంచి మొనదాకా కడిగి, గుడ్డతో తుడిచాను. ఆ ఇనుమును నేను అంత నింపాదిగా ఎన్నడూ చూడలేదు. పంగాళి తమ్ముడు ఏలకుల మండీ చేతులు పంచెకు తుడుచుకుని ముందుకొచ్చాడు. ఏళ్ళతరబడి ఫోనులో అడుగుతూ వచ్చిన మనిషి, ఇప్పుడు కుడిచెయ్యి చాపడానికి తటపటాయించాడు.

"అన్నా, నేను ఆ మాట అడగకుండా ఉండాల్సింది."

"అడగాల్సిన మాటే అడిగినావు. పట్టు."

పట్టాడు. ఎత్తాడు.

"ఏమి ఇంత బరువుండాది?"

"మరి ఏమనుకున్నావు? బొటనవేలు అట్ల చుట్టొద్దు, నిలువుగా పిడిమీద పెట్టు. మోచెయ్యి పక్కటెముకకు ఆనించు. మొన చూడొద్దు, ఎదుట దారి చూడు."

పరివట్టం ఇంకా నా తలమీదే ఉంది. దాన్ని విప్పమని ఎవరూ అడగలేదు, నేనూ విప్పలేదు. మెట్లదగ్గర మనవరాలి చుట్టూ ఆడపిల్లలు చేరారు. తొడుగు చేతులు మారుతోంది, ఒక్కొక్కతే వేలికి పెట్టుకుని ముడిచి చాచి చూస్తోంది. నాకు పెట్టిన కొలత కాబట్టి అందరికీ వదులే. "మీ వేలి కొలత ఇస్తే చేస్తా" అంటోంది తను. నేను అటు ఎక్కువసేపు చూడలేదు. వచ్చే ఏటికి సాధనగా పంగాళి నాలుగడుగులు వేసేసరికి అతని వీపు వంగింది, కత్తి ముందుకు తూగింది.

"నిటారుగా" అన్నాను. "మళ్ళీ గుమ్మం దగ్గిర్నుంచి రా."